ఐ.సి.యు.లో ఉన్న పెద్దవారికి రాత్రి నిద్ర దక్కనిద్దాం



“గుండె కుదుటపడింది, జ్వరం కూడా తగ్గింది అన్నారండి. మరి మా నాన్నగారు నన్నే గుర్తుపట్టడం లేదేమిటండి?” ఐ.సి.యు. తలుపు దగ్గర నిలబడే కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు డాక్టరుగారిని తరచుగా అడిగే ప్రశ్న ఇది. నిన్న సాయంత్రం వరకు కొబ్బరి దింపు ఎప్పుడో, ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో నోటిలెక్కతో చెప్పిన మనిషి, తెల్లవారేసరికి గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని కేకలు వేస్తారు. చేతికి పెట్టిన సెలైను సూదిని పీకేసుకుంటారు.

ఇది చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. “వయసు మీద పడింది కదా, మతి పోయింది” అని కొందరు సరిపెట్టుకుంటారు. “గాలి సోకింది” అని కొందరు అనుకుంటారు. ఇంకొందరు “ఇక్కడే ఉంచితే మనిషి పిచ్చివాడైపోతాడు” అని భయపడి, డాక్టర్లు వద్దంటున్నా కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోతారు. అలా సగంలో ఆగిపోయిన చికిత్స ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు డెలీరియం. ఇది పిచ్చి కాదు, దయ్యమూ కాదు. ఒంటికి వచ్చిన జబ్బు మెదడును తాకినప్పుడు కలిగే కలత. చాలామందిలో ఇది తగ్గుతుంది. కొందరిలో అసలు రాకుండానే ఆపవచ్చు. అలా ఆపే మార్గాలలో పెద్దగా ఖర్చు లేనిది, ఇంటివారు కూడా చేయి వేయగలిగినది ఒకటుంది. అది రాత్రి నిద్ర. ఈ సంచికలో దాని గురించి వివరంగా తెలుసుకుందాం.

డెలీరియం అంటే ఏమిటి?

మన పెద్దలు జ్వరం తలకెక్కినప్పుడు “సంధి కొట్టింది”, “సంధి ప్రేలాపనలు” అనేవారు. వారు చూసినది చాలావరకు ఇదే. డెలీరియం గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో హఠాత్తుగా మొదలవుతుంది. పొద్దున్న బాగానే మాట్లాడినవారు మాపటికి తికమకపడతారు, మళ్లీ తేరుకుంటారు, మళ్లీ జారిపోతారు. ముఖ్యంగా దేని మీదా ధ్యాస నిలవదు. మనం మాట్లాడుతుండగానే చూపు ఎటో పోతుంది.

మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వేరు. అది నెలలు, సంవత్సరాల తరబడి మెల్లగా ముదురుతుంది. అయితే డిమెన్షియా ఉన్నవారికి డెలీరియం మరింత తేలికగా వస్తుంది.

డెలీరియం రెండు వేషాలలో కనిపిస్తుంది. మొదటిది అందరికీ తెలిసేది: కేకలు, పెనుగులాట, గొట్టాలు లాగేసుకోవడం, మంచం దిగిపోబోవడం. రెండవది నిశ్శబ్దంగా ఉంటుంది. మనిషి మందంగా పడుకుని ఉంటారు, పిలిస్తే ఆలస్యంగా పలుకుతారు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతారు. “పాపం, అలసిపోయారు, పడుకోనివ్వండి” అనుకుంటాం. పెద్దవారిలో ఈ రెండో రకమే ఎక్కువ. గోల చేయరు కనుక ఎవరి కంటా పడకుండా పోయేదీ ఇదే. కొందరిలో రెండు రకాలూ మారిమారి వస్తాయి.

నోట్లో గొట్టం ఉండి మాట్లాడలేనివారిలో కూడా డెలీరియాన్ని కనిపెట్టే పరీక్షను అమెరికా వైద్యులు 2001లో ప్రచురించారు. నర్సు కొన్ని అక్షరాలు వరుసగా చదువుతూ, ఫలానా అక్షరం వినపడినప్పుడల్లా తన చెయ్యి నొక్కమంటారు. ధ్యాస నిలిచి ఉన్నదీ లేనిదీ దానితో తెలిసిపోతుంది. మొత్తం పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. నర్సమ్మ మీ నాన్నగారి చేత అక్షరాలకు చెయ్యి నొక్కిస్తుంటే అది ఆట అనుకోకండి.

ఎందుకు తేలికగా తీసుకోకూడదు?

ఐ.సి.యు.లో ఇది అరుదైన సంగతి కాదు. చండీగఢ్‌లోని పి.జి.ఐ. ఆస్పత్రిలో 140 మంది ఐ.సి.యు. రోగులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, సగానికి పైగా మందిలో డెలీరియం కనిపించింది. అమెరికాలో వెంటిలేటరు మీద ఉన్న 224 మంది మీద 2004లో వెలువడిన అధ్యయనంలో అయితే పదిమందిలో ఎనిమిదిమందికి వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి డెలీరియం వచ్చినవారిలో నూటికి 34 మంది, రానివారిలో నూటికి 15 మంది మరణించారు. జబ్బు తీవ్రతలోని తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ అంతరం మిగిలింది. ఆస్పత్రిలో ఉండే రోజులు పెరగడం, తరువాత నెలల తరబడి జ్ఞాపకశక్తి తగ్గడం కూడా దీని వెంట వచ్చేవే.

కాబట్టి మతి చెదరడం గుండెదడ, ఆయాసంలాగే పట్టించుకోవలసిన లక్షణం.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

వయసు మళ్లినవారికి, ముందునుంచీ మతిమరుపు ఉన్నవారికి, చూపు లేదా వినికిడి తగ్గినవారికి, పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి, పెద్ద ఆపరేషన్ అయినవారికి, రోజూ మద్యం తాగే అలవాటు ఉన్నవారికి ఎక్కువ. వీరికి పైనుంచి ఏదో ఒకటి తోడవుతుంది: ఊపిరితిత్తుల్లో నిమ్ము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో ఉప్పు (సోడియం) లేదా చక్కెర తేడా, ప్రాణవాయువు తగ్గడం, నొప్పి, మూత్రం బిగబట్టడం, మలబద్ధకం, కొన్ని రకాల మందులు. చాలాసార్లు నాలుగైదు కారణాలు కలిసి వస్తాయి. నిద్ర లేకపోవడం వాటిలో ఒకటి. అయితే అది మనం సరిదిద్దగలిగినది.

ఐ.సి.యు.లో రాత్రి ఎలా గడుస్తుంది?

మన కోనసీమలో నలభై ఏళ్లు దాటినవారికి 1995 గుర్తుండే ఉంటుంది. ఆ జనవరిలో పాసర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. గ్యాసు బావి ఎగదన్ని అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ హోరు, ఆ వెలుగు దగ్గరి ఊళ్లవారికి రాత్రి అన్నది లేకుండా చేశాయి. ఐ.సి.యు. మంచం మీద ఉన్న పెద్దాయనకు చిన్న ఎత్తున అటువంటి రాత్రే గడుస్తుంది. తల మీద ట్యూబులైటు, చెవి పక్కన మానిటరు కూత, పక్క మంచం దగ్గర పరుగులు. కిటికీ లేకపోతే బయట పొద్దెక్కిందో, చీకటి పడిందో కూడా తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆస్పత్రి గదుల్లో రాత్రిపూట శబ్దం సగటున 30 డెసిబెల్స్ దాటకూడదు. ఐ.సి.యు.లలో కొలిచి చూస్తే అది 50 దాటడం మామూలు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలే సుమారు 60 డెసిబెల్స్ ఉంటాయి. అంటే మిషన్లు మాత్రమే కాదు, మనుషుల మాటలు కూడా నిద్ర చెడగొడతాయి.

ఇక లేపడం సంగతి. అమెరికాలో నాలుగు ఐ.సి.యు.లలో 50 మంది రోగుల రాత్రులను లెక్కగట్టి 2004లో ప్రచురించారు. బి.పి. చూడడానికో, రక్తం తీయడానికో, మందు ఇవ్వడానికో, ఒళ్లు తుడవడానికో ఒక్కొక్క రోగి దగ్గరకు రాత్రి 12 గంటల్లో సగటున 43 సార్లు ఎవరో ఒకరు వచ్చారు. 147 రాత్రులు చూస్తే, రెండు మూడు గంటలపాటు ఎవరూ కదపని సమయం దొరికినది తొమ్మిదిసార్లు మాత్రమే.

“అయినా పగలంతా కునుకు తీస్తూనే ఉన్నారు కదా” అంటాం. నిజమే. ఐ.సి.యు. రోగుల నిద్రలో దాదాపు సగం పగలే జరుగుతుందని పరిశోధకులు చూశారు. కానీ అది ముక్కలు ముక్కలైన నిద్ర. గాఢనిద్ర, కలలు వచ్చే నిద్ర రెండూ అందులో బాగా తగ్గిపోతాయి.

మన మెదడులో ఒక గడియారం ఉంది. పగటి వెలుతురు, రాత్రి చీకటి దానికి కీ ఇస్తాయి. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్ర తెప్పిస్తుంది. కళ్లలో వెలుతురు పడితే అది తగ్గిపోతుంది. పెద్దవారిలో అసలే నిద్ర పలచన. శుక్లాలు ఉంటే పగటి వెలుతురు కూడా కంటిలోకి సరిగా చేరదు. దానికి తోడు రాత్రంతా లైటు, పగలంతా కునుకు అయితే ఆ గడియారం గతి తప్పుతుంది. ధ్యాస, జ్ఞాపకం, భయాన్ని అదుపులో పెట్టే శక్తి సన్నగిల్లుతాయి. తిరిగి, మతి చెదిరినవారికి నిద్ర పట్టదు. ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి.

పరిశోధనలు ఏమి చెప్పాయి?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యురాలు డాక్టర్ షారన్ ఇనౌయీ బృందం 70 ఏళ్లు, అంతకు పైబడిన 852 మంది మీద చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. వీరు మామూలు వార్డు రోగులు, ఐ.సి.యు. వారు కారు. సగం మందికి అదనంగా కొన్ని చిన్న సేవలు చేశారు. రోజూ పేరు పెట్టి పిలిచి, తేదీ, స్థలం గుర్తుచేశారు. లేపి నడిపించారు. కళ్లజోడు, వినికిడి మిషను అందించారు. నీళ్లు తాగించారు. రాత్రి నిద్రమాత్రకు బదులు గోరువెచ్చని పాలు, వీపు మీద మర్దన, మెల్లని సంగీతం ఇచ్చారు, వార్డులో చప్పుడు తగ్గించారు. మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 15 మందికి డెలీరియం వస్తే, ఈ సేవలు పొందినవారిలో నూటికి 10 మందికే వచ్చింది.

తరువాత ఐ.సి.యు.లలోనూ ఈ దారిలో ప్రయత్నాలు జరిగాయి. బెల్జియంలో 136 మంది మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, రాత్రి చెవులకు మెత్తని బిరడాలు పెట్టినవారిలో తికమక తగ్గింది. మొదటి రాత్రి నుంచే పెట్టినవారికి మేలు బాగా కనిపించింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో రాత్రి లైట్లు తగ్గించడం, పనులన్నీ ఒకేసారి ముగించడం, చెవి బిరడాలు, కంటి పట్టీలు మొదలైనవి అమలు చేయగా డెలీరియం తగ్గిందని 2013లో ప్రకటించారు. ఇంగ్లండులోని ఒక ఆస్పత్రి 2014లో ప్రచురించిన లెక్కలో, ఇటువంటి మార్పుల తరువాత డెలీరియం నూటికి 33 నుంచి 14కు దిగింది.

ఈ ఐ.సి.యు. అధ్యయనాలు పెద్దవి కావు. జాన్స్ హాప్కిన్స్‌లో చప్పుడు తగ్గిందని రోగులు చెప్పారే గాని, నిద్ర బాగా పట్టిందని గట్టిగా చెప్పలేకపోయారు. అయినా హాని లేనిది, ఖర్చు తక్కువది, మేలు చేసే సూచనలు ఉన్నది కనుక, 2018లో వెలువడిన అంతర్జాతీయ ఐ.సి.యు. మార్గదర్శకాలు ఇటువంటి నిద్ర పద్ధతిని పాటించమని సూచించాయి. నిద్ర ఒక్కటే చాలదు. ఇన్‌ఫెక్షన్‌కు, నొప్పికి, ఉప్పు తేడాకు చికిత్స దాని పాటికి అది జరగాలి.

నిద్రమాత్ర ఇస్తే సరిపోదా?

చాలామంది అడిగే మాట ఇది. మామూలు నిద్రమాత్రలు, మత్తు ఇంజెక్షన్లు కళ్లు మూయిస్తాయి గాని మెదడుకు కావలసిన సహజనిద్రను ఇవ్వవు. డయాజిపామ్, ఆల్ప్రజోలం జాతి మందులు పెద్దవారిలో డెలీరియాన్ని పెంచగలవు. జలుబుకు, దురదకు వేసుకునే అవిల్ వంటి మాత్రలు కూడా ముసలివారిని తికమకపెడతాయి. మెలటోనిన్ మాత్ర మీద ఆస్ట్రేలియాలో 850 మందితో జరిగిన పెద్ద పరిశోధన 2022లో వెలువడింది. దానివల్ల డెలీరియం తగ్గలేదు. కనుక ఇంటి దగ్గరి మాత్ర ఏదీ మీ అంతట మీరు వేయవద్దు.

అదే సమయంలో, మీ పెద్దవారు ఏళ్ల తరబడి రోజూ నిద్రమాత్ర వేసుకుంటూ ఉంటే ఆ సంగతి చేరిన రోజే డాక్టరుగారికి చెప్పండి. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే.

కల్లు, సారా, బ్రాందీ ఏది రోజూ తాగే అలవాటు ఉన్నా దాచకండి. “నలుగురిలో చిన్నతనం”, “సంఘంలో తెలిస్తే ఏమనుకుంటారో” అని చాలా కుటుంబాలు ఈ మాట దాచిపెడతాయి. తాగుడు ఆగిన రెండు మూడు రోజులకు వణుకు, చెమటలు, మూర్ఛ, భ్రమలు వచ్చి ప్రాణం పోవచ్చు. దానికి చికిత్స వేరు. ఆ మాట డాక్టరుగారి చెవిలో ఒంటరిగా చెప్పినా చాలు. మనిషి ప్రాణం కంటే పరువు పెద్దది కాదు.

ఐ.సి.యు. సిబ్బంది చేసేవి

రాత్రి పది నుంచి తెల్లవారు ఐదు వరకు పెద్ద లైట్లు ఆర్పి, అవసరమైన మంచం దగ్గర మాత్రమే చిన్న లైటు వేయడం. రక్తం తీయడం, మందు ఇవ్వడం, పక్కకు తిప్పడం వీలైనంతవరకు ఒకేసారి ముగించడం. ఒళ్లు తుడిచే పనిని తెల్లవారుజాము మూడింటికి కాక సాయంత్రమో, ఉదయమో పెట్టుకోవడం. మానిటరు అలారాన్ని ఆపకుండా, ఆ రోగికి తగిన హద్దుల్లో ఉంచి ఊరికే మోగకుండా చూడడం. మత్తు మందు అవసరానికి మించి ఇవ్వకపోవడం. పగలు కిటికీ తెర తీసి, వీలైన మొదటి రోజునే మంచం మీద కూర్చోబెట్టడం, కుర్చీలోకి దించడం.

రాత్రి లేపవలసిన అవసరం ఉన్నప్పుడు లేపక తప్పదు. బి.పి. పడిపోతున్న రోగిని నిద్ర కోసం వదిలేయలేము. అటువంటప్పుడు సిస్టరుగారిని కసురుకోవద్దు. కానీ మీ రోగి కొంచెం కోలుకున్నాక, “రాత్రి కొన్ని గంటలు కదపకుండా ఉంచడానికి వీలవుతుందాండి?” అని మర్యాదగా అడగవచ్చు. అది మీ హక్కు కూడా.

ఇంటివారు చేయవలసినవి

(1) చేరిన రోజు: ఒక తెల్లకాగితం మీద రాసి సిస్టరుగారికి ఇవ్వండి. ఇంట్లో ఏమని పిలుస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, దిండ్లు ఎన్ని, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారు, వినికిడి ఏ చెవికి బాగుంది, రోజూ వేసుకునే మందులు ఏమిటి, అంతకుముందు మతిమరుపు ఉన్నదా. చిన్న సంగతులే గాని, నర్సుకు తెలిస్తే ఎంతో ఉపకారం.

(2) ఇంటి నుంచి తేవలసినవి: కళ్లజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్లు. పోతాయేమోనని వీటిని ఇంట్లో దాచేస్తారు. చూపు ఆనక, మాట వినపడక ఉన్న మనిషికి సెలైను గొట్టం పాములా కనిపించడంలో వింత లేదు. పేరు రాసిన డబ్బాలో పెట్టి, సిస్టరుగారికి చూపించి ఉంచండి. ఐ.సి.యు.లో ఒప్పుకుంటే పెద్ద అంకెల గడియారం, గోడ క్యాలెండరు, ఇంట్లో వాడుకునే దుప్పటి తేవచ్చు.

(3) పగటిపూట: చూడడానికి అనుమతించిన సమయంలో ఎదురుగా నిలబడి, చెయ్యి పట్టుకుని చెప్పండి. “నాన్నగారూ, నేను మీ పెద్దమ్మాయినండి. ఇది అమలాపురం ఆస్పత్రి. ఈ రోజు మంగళవారం, పొద్దున్న తొమ్మిదయింది. మీకు ఆయాసం వస్తే తీసుకువచ్చాం. ఇప్పుడు తగ్గుతోంది.” రోజూ ఇదే చెప్పండి. ఊరి కబుర్లు, మనవల చదువు, చేలో నీరు పెట్టిన సంగతి మాట్లాడండి. అప్పుల గొడవ, ఆస్తి గొడవ ఆ గదిలోకి తేవద్దు. పగలు పొద్దస్తమానం కునికిపాట్లు పడకుండా మాటల్లో పెట్టండి. డాక్టరుగారు సరే అంటే కూర్చోబెట్టడానికి సాయం చేయండి.

(4) సాయంత్రం: మూత్రం, దొడ్డి, నొప్పి, దాహం, చలి సంగతి పడుకునే ముందే అడిగి సిస్టరుగారికి చెప్పండి. నోటితో తాగవచ్చని డాక్టరుగారు చెప్పినవారికే గోరువెచ్చని పాలు. చెప్పకుండా చుక్క నీరు కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాయంత్రం తరువాత కాఫీ, టీ వద్దు. అరికాళ్లు, వీపు మెల్లగా రాయడం ఎవరైనా చేయగల సేవ.

(5) రాత్రి: సెల్‌ఫోను మోగకుండా పెట్టండి. వరండాలో గుంపుగా మాట్లాడుకోవద్దు. చెవి బిరడాలు, కంటి పట్టీ సిస్టరుగారి అనుమతితోనే. చెవిలో చీము కారుతున్నవారికి బిరడాలు పెట్టకూడదు. ఇప్పటికే మతి చెదిరినవారికి కళ్లకు పట్టీ కడితే మరింత భయపడవచ్చు. వద్దంటే బలవంతపెట్టకండి.

దూరాన ఉన్న పిల్లలు, చూడవచ్చే బంధువులు

రాజోలు, అమలాపురం వైపు చాలా ఇళ్లలో కొడుకో కూతురో కువైట్‌లోనో, మస్కట్‌లోనో, హైదరాబాదులోనో ఉంటారు. పెద్దవారికి జబ్బు అనగానే వారి ప్రాణం కొట్టుకుంటుంది. పని దిగి కువైట్‌లో రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర అవుతుంది. “ఒక్కసారి చూపించు, ఒక్కసారి మాట్లాడించు” అంటే పడుకున్న తల్లిని లేపుతారు. అది ప్రేమే గాని, ఆమెకు ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టకపోవచ్చు. వారు చెప్పదలచుకున్నది రికార్డు చేసి పంపమనండి. పగలు ఆమె మెలకువగా ఉన్నప్పుడు వినిపించండి. బిడ్డ గొంతు పగలు విన్నా తల్లికి అంతే ధైర్యం.

ప్రార్థించడానికి వచ్చే పెద్దలకు, పాస్టరుగార్లకు ఒక మనవి. పగటిపూట ఒకరిద్దరు వచ్చి, రోగిని పేరుపెట్టి పలకరించి, మెల్లని స్వరంతో కొద్దిసేపు ప్రార్థించండి. పక్క మంచం మీద కూడా ఒక రోగి ఉన్నారని మరవవద్దు. రాత్రి ప్రార్థనలు ఇంట్లోనో, గుడిలోనో జరుపుకుందాం.

ఆస్పత్రి బయట చప్పుడూ మన బాధ్యతే. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద నియమాల ప్రకారం ఆస్పత్రికి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు అక్కడ 40 డెసిబెల్స్ మించకూడదు. సంక్రాంతి ప్రభలు, జాతర, క్రిస్మసు, పెళ్లి ఊరేగింపు, ఏదైనా సరే, ఆస్పత్రి దగ్గరకు వచ్చేసరికి మైకు, బాణాసంచా ఆపించే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఒకరుండాలి.

మతి చెదిరితే ఎలా మాట్లాడాలి?

వాదించకండి. “చీమలు లేవు, ఏమీ లేవు, ఊరుకో” అని గదమాయిస్తే భయం పెరుగుతుంది. “మీకు కనిపిస్తున్నాయా? నాకు కనపడడం లేదండి. నేను ఇక్కడే ఉన్నాను, మీకేమీ కాదు” అనండి. పొట్టి మాటలు, ఒకసారికి ఒకే సంగతి. నలుగురూ ఒకేసారి మాట్లాడవద్దు. చూసి నవ్వవద్దు, ఫోనులో వీడియో తీసి బంధువులకు పంపవద్దు. తేరుకున్నాక ఆయనకు అది తలవంపు.

గొట్టాలు లాగేసుకుంటారని చేతులు కడితే చూడలేక మీ అంతట మీరు విప్పేయకండి. “మా వాళ్లం ఒకరం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాం, కట్టు విప్పడానికి వీలవుతుందా?” అని అడగండి.

అయితే ఇంటివారు పక్కన ఉంటే చాలు, డెలీరియం రాదని అనుకోవద్దు. బ్రెజిల్‌లో 36 ఐ.సి.యు.లలో చూడవచ్చే సమయాన్ని బాగా పెంచి చూశారు. 2019లో వెలువడిన ఫలితాలలో డెలీరియం చెప్పుకోదగినంతగా తగ్గలేదు గాని, కుటుంబాల ఆందోళన తగ్గింది. ఎంతసేపు కూర్చున్నామన్న దానితో పాటు, ఆ కూర్చున్న సమయంలో ఏమి చేశామన్నదీ చూసుకోవాలి.

వెంటనే చెప్పవలసిన సంగతులు

పదిమంది రోగులను చూసే నర్సుకు మీ తండ్రి నిన్న ఎలా మాట్లాడారో తెలియదు. మీకు తెలుసు. ఈ కిందివాటిలో ఏది కనపడినా అదే పూట చెప్పండి:

- మనుషులను, స్థలాన్ని గుర్తుపట్టకపోవడం
- మాట మధ్యలో ధ్యాస తప్పడం, పొంతన లేని మాటలు
- లేనివి కనపడడం, వినపడడం
- మామూలు కంటే ఎక్కువ మగతగా, మందంగా ఉండడం
- పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ

“సిస్టరుగారండీ, మా అమ్మగారు నిన్నటిలాగ లేరండి” అన్న ఒక్క మాట చాలు. ఇబ్బంది పెడుతున్నామేమోనని సంకోచించవద్దు. ఆ మాటతోనే దాగి ఉన్న నిమ్మో, మూత్రం బిగబట్టడమో, చక్కెర పడిపోవడమో బయటపడవచ్చు.

ఇంటికి వెళ్లాక

డెలీరియం తగ్గడానికి కొందరికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. ఇంటికి వచ్చాక కూడా రాత్రి పూట కలవరింతలు, అక్కడ చూసిన భయాలు నిజమేనన్న అనుమానం ఉండవచ్చు. “జబ్బు వల్ల అలా అనిపించిందండి, అది తగ్గిపోయింది” అని ఓపికగా చెప్పండి. పొద్దున్నే అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం కునుకు అరగంట చాలు. సాయంత్రం ఎవరి చేయి ఊతంతోనైనా కొబ్బరితోటలో నాలుగడుగులు వేయించండి. రాత్రి దోమతెర కట్టి, టీవీ ఆపి, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి. డబ్బు లెక్కలు, పొలం కాగితాల మీద సంతకాలు వంటివి మతి పూర్తిగా కుదుటపడేవరకు వాయిదా వేయండి. నెల దాటినా మతిమరుపు అలాగే ఉంటే డాక్టరుగారికి చూపించండి. మరోసారి ఎప్పుడైనా ఆస్పత్రిలో చేర్చవలసి వస్తే, ఇదివరకు డెలీరియం వచ్చిందని మొదటి మాటగా చెప్పండి.

కొత్తపేట నుంచైనా, రాజోలు నుంచైనా పెద్దవారిని ఐ.సి.యు.కు తీసుకువెళ్లవలసి వస్తే డబ్బు, పాత రిపోర్టులు, ఆధార్ కార్డు సర్దుకుంటాం. వాటితోపాటు కళ్లజోడు, వినికిడి మిషను, ఆ తెల్లకాగితం కూడా సంచిలో పెట్టండి. రాత్రి పది దాటాక వరండాలో ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే, “లోపల పెద్దవాళ్లు పడుకున్నారండి” అని మీరే మెల్లగా చెప్పండి.